నాలుగు నైలాన్ తీగల మీద రాక్ సంగీతం

యుకులేలే మీద రాక్ పాటలు వాయిస్తానని చెబితే వినేవారు తొలుత దానిని ఒక వినోదంగానే తీసుకుంటారు. ఆ వాద్యం పేరు వినగానే హవాయి తీరం, పూలమాలలు, వాణిజ్య ప్రకటనల వెనుక వినిపించే తేలికపాటి సంగీతం గుర్తుకు వస్తాయి; రాక్ అనగానే మనిషి ఎత్తు యాంప్లిఫైయర్లు, చెవులు దిమ్మెక్కించే ఎలక్ట్రిక్ గిటార్ గుర్తుకు వస్తాయి. గిటార్‌తో మొదలుపెట్టి తరువాత యుకులేలేకు వచ్చినవాడిగా, ఈ రెండింటి కలయికను నేను గంభీరమైన సంగీత సాధనగానే భావిస్తున్నాను. రాక్ పాట నుంచి హోరును, మంద్రస్థాయిని, డిస్టార్షన్‌ను (కావాలని నాదాన్ని గరగరలాడించడాన్ని) తీసివేసిన తరువాత కూడా ఆ పాటను నిలబెట్టేది ఏదో వెతికి పట్టుకోవలసి వస్తుంది. ఆ వెతుకులాటలో, పాటల నిర్మాణం గురించి గిటార్ నాకు నేర్పని సంగతులు ఎన్నో యుకులేలే నేర్పింది. వాటిలో ముఖ్యమైనవాటిని, ఏ తీగను ఏ మెట్టు (ఫ్రెట్) దగ్గర నొక్కాలన్న వివరాలతో సహా, ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఈ వాద్యానికి ఏమి లేదో తెలుసుకోవాలి. గిటార్‌లో అన్నిటికంటే లావైన తీగ పలికే ఇ స్వరం (పాశ్చాత్య పద్ధతిలో స్వరాలకు ఎ నుంచి జి దాకా అక్షరాల పేర్లు) పౌనఃపున్యం దాదాపు 82 హెర్ట్జ్. సాధారణ శ్రుతిలో ఉన్న యుకులేలేలో అన్నిటికంటే కింది స్వరం సి. దాని పౌనఃపున్యం దాదాపు 262 హెర్ట్జ్, అంటే పియానో మధ్యలో ఉండే సి. ఈ రెండింటికీ మధ్య 20 అర్ధస్వరాల దూరం ఉంది. రాక్ గిటార్ రిఫ్‌లలో (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరవరుసలలో) చాలా భాగం సరిగ్గా ఆ ప్రాంతంలోనే పుట్టినవి కనుక, యుకులేలే వాయించేవారికి వాటి పుట్టిల్లు అందుబాటులో ఉండదు. రెండవ లోటు నాదం నిలవకపోవడం. గిటార్ తీగ పొడవు సుమారు 65 సెంటీమీటర్లు ఉంటే, సొప్రానో యుకులేలేది 35 సెంటీమీటర్ల లోపు, కాన్సర్ట్ యుకులేలేది 38, టెనర్ యుకులేలేది 43 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. చిన్న పెట్టె మీద బిగించిన పొట్టి నైలాన్ తీగ మీటగానే చురుకుగా పలికి, అంతే త్వరగా ఆరిపోతుంది. గిటారిస్టు ఒక స్వరాన్ని పట్టుకుని నాలుగు తాళమాత్రల పాటు సాగదీసే చోట యుకులేలేకు ఒక్క మాత్ర కూడా గట్టిగా నిలవదు.

ఇక ఈ వాద్యానికి ఉన్నదేమిటో చెప్పడానికి నాలుగవ తీగ దగ్గర కొంతసేపు ఆగాలి. యుకులేలే తీగల శ్రుతి జి, సి, ఇ, ఎ. వాద్యాన్ని ఒడిలో పట్టుకున్నప్పుడు మన ముఖానికి దగ్గరగా ఉండే నాలుగవ తీగ, అంటే జి తీగ, గిటార్ అలవాటు ఉన్నవారు ఊహించినట్లు అన్నిటికంటే కింది స్వరం పలకదు. అది 392 హెర్ట్జ్ దగ్గర, పక్కనున్న సి, ఇ తీగలు రెండింటికంటే పైన పలుకుతుంది. వీణలో పక్కన ఉండే తాళపు తీగలు వాయించేవారి చేతికి దగ్గరగా ఉండి పై స్థాయిలో మోగుతూ సంగీతానికి మెరుపునిచ్చినట్లే, ఈ జి తీగ కూడా కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) మొత్తానికి ఒక మెరుపునిస్తుంది. మదీరా ద్వీపం నుంచి వచ్చిన రజావ్ అనే ఐదు తీగల వాద్యంలో ఇలాంటి అమరిక ఉండేదని, యుకులేలే దాని శ్రుతినీ, మషేత్ అనే మరో చిన్న వాద్యం ఆకృతినీ తీసుకుందని చరిత్రకారులు చెబుతారు. గిటారిస్టులు కొందరు ఈ తీగను ఒక లోపంగా చూసి, దాని స్థానంలో ఒక స్థాయి కింద పలికే లావు తీగను వేసుకుంటారు. నేను అందుకు తొందరపడవద్దనే చెబుతాను. రాక్ పాటలకు ఈ తీగ చేసే మేలు కొద్దిసేపట్లో కనిపిస్తుంది.

చరిత్ర గురించి ఇక్కడ కొన్ని మాటలు చాలు. 1879 ఆగస్టులో రావెన్‌స్క్రాగ్ అనే ఓడ మదీరా నుంచి చెరకు తోటల్లో పనిచేయడానికి వచ్చిన వలస కుటుంబాలతో హొనొలులు రేవుకు చేరింది. అందులో వచ్చిన మనుయెల్ నూనెష్, ఒగుస్తు దియష్, జుజె దు ఎస్పిరితు సాంతు అనే ముగ్గురు వడ్రంగులు తరువాత అక్కడే దుకాణాలు పెట్టి, హవాయి దీవుల్లోనే పెరిగే కోవా కలపతో ఈ వాద్యాన్ని తయారుచేశారు. రాజు కలకౌవా దానిని ఆస్థానంలో ఆదరించాడు. 1915లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలోని హవాయి మందిరం ద్వారా అది అమెరికా ప్రధాన భూభాగానికి వ్యాపించింది. 1916లో సామ్యుయెల్ కమాకా హొనొలులులో మొదలుపెట్టిన సంస్థ ఇప్పటికీ ఆ కుటుంబం చేతుల్లోనే నడుస్తోంది.

రాక్ సంగీతానికీ ఈ వాద్యానికీ ఉన్న బంధం చాలామంది అనుకునేదానికంటే పాతది. రాక్ గిటారిస్టు జిమి హెండ్రిక్స్ బాల్యంలో తండ్రికి పనిలో సాయం చేస్తూ చెత్తలో దొరికిన ఒంటి తీగ యుకులేలే మీద, చెవికి విన్న పాటలను ఒక్కొక్క స్వరంగా పలికించాడు. గాయకులు జోని మిచెల్ బారిటోన్ (టెనర్ కంటే పెద్దదైన) యుకులేలేతో, నీల్ యంగ్ ప్లాస్టిక్ యుకులేలేతో తమ ప్రయాణం మొదలుపెట్టారు. ది హూ బృందం 1975 ఆల్బమ్‌లో పీట్ టౌన్‌షెండ్ యుకులేలే వాయిస్తూ ఒక పాట పాడాడు. బీటిల్స్ బృందం గిటారిస్టు జార్జ్ హారిసన్ దీనిని ఎంతగా ప్రేమించాడంటే, 2002 నవంబరు 29న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో జరిగిన ఆయన సంస్మరణ సభలో పాల్ మెకార్ట్నీ హారిసన్ రాసిన పాటనే యుకులేలేతో ప్రారంభించాడు. రాక్ గాయకుడు ఎడ్డీ వెడ్డర్ 2011లో పూర్తిగా యుకులేలే పాటలతోనే ఒక ఆల్బమ్ వెలువరించాడు. ఈ వాద్యం చిన్నదే అయినా వీరెవరూ దానిని చిన్నచూపు చూడలేదు.

రాక్ గిటార్‌కు ఆధారమైన పవర్ కార్డ్ గురించి ఇప్పుడు చెప్పాలి. అందులో ఉండేవి రెండే స్వరాలు, షడ్జమం, పంచమం. గాంధారం ఉండదు. దీనికి కారణం డిస్టార్షన్. రెండు స్వరాలను డిస్టార్షన్ గుండా పంపినప్పుడు, వాటి పౌనఃపున్యాల మొత్తానికీ, తేడాకూ సమానమైన కొత్త స్వరాలు పుడతాయి. షడ్జమం, పంచమం 2:3 నిష్పత్తిలో ఉంటాయి కనుక వాటి తేడా సరిగ్గా కింది స్థాయి షడ్జమం అవుతుంది. అందుకే పవర్ కార్డ్ రెండు స్వరాలతోనే అంత భారీగా మోగుతుంది. అందులో మైనర్ గాంధారాన్ని (మన సాధారణ గాంధారాన్ని) చేర్చితే, షడ్జమంతో దాని తేడా ఆ కార్డ్‌లో చోటులేని మరొక స్వరాన్ని పుట్టించి, నాదాన్ని బురదగా మార్చుతుంది. మేజర్ గాంధారం (అంతర గాంధారం) కూడా, మన ఫ్రెట్ వాద్యాల్లో స్వరస్థానాలు స్వచ్ఛమైన నిష్పత్తులకు కొంచెం పక్కకు ఉండటం వల్ల, గరగరలాడుతుంది. అందువల్ల గిటారిస్టులు గాంధారాన్ని వదిలేశారు.

ఈ కారణం యుకులేలే మీద వర్తించదు. డిస్టార్షన్ లేనప్పుడు కింది స్థాయి షడ్జమం దానంతట అది పుట్టదు. రెండు స్వరాల పవర్ కార్డ్ ఇక్కడ ఖాళీ పాత్రలా వినిపిస్తుంది. గాంధారాన్ని చేర్చినందువల్ల బురద కూడా ఏర్పడదు. కాబట్టి గిటారిస్టు వదిలేసిన గాంధారాన్ని యుకులేలే వాయించేవారు తిరిగి తీసుకురావడం మేలు. అయితే ఆ గాంధారం మేజరా, మైనరా అన్నది గిటార్ చెప్పదు. గాయకుడు పాడే స్వరాలను వినాలి, లేదా బేస్ గిటార్ ఎటు నడుస్తోందో గమనించాలి. ఎన్నో ఏళ్లుగా తెలిసిన పాటను ఈ ప్రశ్నతో మళ్లీ విన్నప్పుడు దాని మనోధర్మం కొత్తగా అర్థమవుతుంది. ఈ సాధనలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే.

పవర్ కార్డ్‌ను అసలే వాడకూడదని కాదు. కొన్ని చోట్ల ఆ ఖాళీతనమే కావాలి. అక్కడ నాలుగవ తీగ తన మొదటి మేలు చేస్తుంది. సి తీగకు పైన జి సరిగ్గా పంచమం. అంటే ఆ రెండు పక్కపక్క తీగలను ఒకే వేలితో ఏ మెట్టు దగ్గర నొక్కినా పవర్ కార్డ్ పలుకుతుంది. రెండవ మెట్టు దగ్గర డి, నాలుగవ దగ్గర ఇ, ఐదవ దగ్గర ఎఫ్, ఏడవ దగ్గర జి. మిగిలిన రెండు తీగలను అదే వేలి అంచుతో మోగకుండా ఆపాలి. మామూలు గిటార్ శ్రుతిలో దీనికి కనీసం రెండు వేళ్లు కావాలి. జి తీగను కింది స్థాయికి మార్చుకున్న వాద్యంలో పంచమం షడ్జమానికి కిందకు వెళ్లిపోయి ఈ సౌకర్యం సగం పోతుంది.

రెండవ జంట ఇ, ఎ తీగలది. వీటి మధ్య దూరం శుద్ధ మధ్యమం, అంటే తిరగేసిన పంచమం. ఇక్కడికి వచ్చేసరికి డీప్ పర్పుల్ బృందం 1972లో వెలువరించిన స్మోక్ ఆన్ ద వాటర్ గుర్తుకు రాకమానదు. ఆ ప్రసిద్ధమైన రిఫ్‌ను రిచీ బ్లాక్‌మోర్ గిటార్ నడిమి తీగలు రెండింటి మీద, డి, జి తీగల మీద, సమాంతరమైన మధ్యమ జంటలుగా వాయించాడు. గిటార్‌లోని ఆ రెండు తీగల మధ్య దూరం, యుకులేలేలోని ఇ, ఎ తీగల మధ్య దూరం ఒక్కటే. అందువల్ల మెట్ల సంఖ్యలు (0 అంటే నొక్కని ఖాళీ తీగ) యథాతథంగా సరిపోతాయి: 0, 3, 5, 0, 3, 6, 5, 0, 3, 5, 3, 0. శ్రుతి మాత్రం ఒక ఆక్టేవ్ (ఒక పూర్తి స్థాయి) పైన, ఇంకో పూర్ణస్వరం ఎక్కువగా, జికి బదులు ఎ ఆధార షడ్జమంగా వినిపిస్తుంది. కర్ణాటక సంగీతం తెలిసినవారు ఈ స్వరాలను పాడి చూడవచ్చు: షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం శుద్ధ ధన్యాసిలోనివే, ఆరవ మెట్టు దగ్గర ఒక్క క్షణం తాకి వెనక్కి వచ్చేది ప్రతి మధ్యమం. రాక్ గిటారిస్టులు దానిని బ్లూ నోట్ అంటారు. ఆ ఒక్క స్పర్శలోనే రిఫ్ ప్రాణం ఉంది.

దీనిని స్ట్రమ్ చేస్తే, అంటే చేతిని తీగల మీదుగా రాస్తే, తీగ తరువాత తీగ మోగి రిఫ్ అంచు మొద్దుబారుతుంది. బొటనవేలితో ఇ తీగను, చూపుడువేలితో ఎ తీగను ఒకేసారి గిల్లినట్లు మీటాలి. బ్లాక్‌మోర్ స్వయంగా పిక్ (తీగను మీటే చిన్న బిళ్ల) లేకుండా వేళ్లతో మీటేది ఇందుకే. ప్రతి జంటనూ మీటిన తరువాత ఎడమచేతి వేలిని సడలించి నాదాన్ని కోయడం మీటడమంత ముఖ్యమైనది. యుకులేలే నాదం త్వరగా ఆరిపోతుంది కదా అని దానిని అలాగే వదిలేస్తే రిఫ్‌లోని నిశ్శబ్దాలు చెదిరిపోతాయి. నిశ్శబ్దం ఎక్కడ పడాలో తెలిసి కోసినప్పుడు, ఈ చిన్న వాద్యం మీద కూడా ఆ రిఫ్ గుండెకు తగులుతుంది.

ఒంటి తీగ రిఫ్‌లకు ఇంకా సులువైన మార్గం ఉంది. ది వైట్ స్ట్రైప్స్ 2003 నాటి సెవెన్ నేషన్ ఆర్మీ రిఫ్‌ను గిటార్ ఎ తీగ మీద 7, 7, 10, 7, 5, 3, 2 మెట్ల దగ్గర వాయించవచ్చు. యుకులేలేలోనూ ఎ తీగ ఉంది కనుక అవే సంఖ్యలు అలాగే పనిచేస్తాయి. తేడా రెండు ఆక్టేవ్‌లు. అసలు రికార్డింగ్‌లో జాక్ వైట్ గిటార్ నాదాన్ని పెడల్‌తో (నాదాన్ని మార్చే, కాలితో నొక్కే పరికరంతో) ఇంకా కిందకు దించి బేస్ గిటార్‌లా పలికించాడు కనుక ఆ తేడా మరీ పెద్దదిగా వినిపిస్తుంది. ఆ కారణంగా నేను దానిని ఇ తీగ మీదకు మార్చి, 5, 5, 8, 5, 3, 1, 0గా వాయిస్తాను. చివరి స్వరం ఖాళీ తీగ మీద పడి కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది.

నాలుగవ తీగ చేసే అసలైన మేలు నాకు హారిసన్ రాసిన వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్ పాటలో కనిపించింది. 1968 నాటి ఈ బీటిల్స్ పాట ఎ మైనర్‌లో మొదలవుతుంది. కార్డ్ ఎ మైనర్‌గా ఉంటూనే దాని కింద బేస్ స్వరం ఎ నుంచి జికి, ఎఫ్ షార్ప్‌కు, ఎఫ్‌కు దిగుతుంది. పాటలోని దుఃఖం ఆ నాలుగు మెట్ల అవరోహణలో ఉంది. యుకులేలేలో బేస్ లేదు కనుక ఈ పాట దీనికి కుదరదని అనిపించడం సహజం. నాలుగు కార్డ్‌లను జి, సి, ఇ, ఎ తీగల వరుసలో, ఒక్కో అంకె ఒక్కో తీగ మీది మెట్టుగా, ఇలా పట్టుకుని చూడండి: 2000, 0000, 2020, 2010. మొదటి కార్డ్‌లో జి తీగ రెండవ మెట్టు దగ్గర ఎ పలుకుతుంది. వేలు తీసివేస్తే ఖాళీ తీగ జి పలుకుతుంది. తరువాత ఇ తీగ రెండవ మెట్టు దగ్గర ఎఫ్ షార్ప్, మొదటి మెట్టు దగ్గర ఎఫ్. జి తీగ పై స్థాయిలో ఉంది కాబట్టి ఈ నాలుగు స్వరాలూ ఎక్కడా తెగకుండా, పక్కపక్క స్వరస్థానాల్లో, ఒకే గొంతు దిగినట్లు దిగుతాయి. జిని కింది స్థాయిలో పెట్టుకున్న వాద్యంలో మొదటి రెండు స్వరాలు కింద మోగి, మూడవది ఒక్కసారిగా పైకి ఎగిరి, అవరోహణ విరిగిపోతుంది.

ఇందులో ఇంకో అందం ఉంది. మొదటి కార్డ్‌లో జి తీగ పలికే ఎ, ఖాళీగా మోగే ఎ తీగ ఒకే స్వరం, ఒకే స్థాయి. నాలుగు కార్డ్‌ల పాటూ ఎ తీగ అలాగే కదలకుండా మోగుతుంది. దిగే స్వరం దానితో ఒకటిగా మొదలై, క్రమంగా దాని నుంచి విడిపోతూ వెళుతుంది. అసలు పాటలో బేస్ చేసిన పని ఇక్కడ కార్డ్ కడుపులో జరుగుతుంది. తరువాత పాట ఎ మేజర్‌కు మారే చోట, 2000కు ఒక్క వేలు చేర్చి 2100 చేస్తే చాలు. ఆ ఒక్క వేలి బరువుతో పాట ముఖం వెలుగుతుంది.

హొనొలులులో పుట్టిన జేక్ షిమాబుకురో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో కూర్చుని ఈ పాటను వాయించిన వీడియో 2006లో ఇంటర్నెట్‌లో వ్యాపించినప్పుడు, ఎంతోమంది తొలిసారిగా యుకులేలేను ఒక సంపూర్ణ వాద్యంగా చూశారు. అసలు రికార్డింగ్‌లో ఎరిక్ క్లాప్టన్ గిటార్ స్వరాలు ఏడుపులా సాగుతాయి; ఆ సాగే గుణం యుకులేలేకు లేదు. షిమాబుకురో దానికి రెండు విధాలుగా సమాధానం చెప్పాడు. సాగవలసిన చోట తీగలను అతివేగంగా స్ట్రమ్ చేస్తూ నాదాన్ని నింపాడు. అంతకంటే ముఖ్యంగా, వినిపించీ వినిపించనంత మెల్లగా మొదలై చేతి శక్తి అంతా పెట్టేదాకా బలాన్ని పెంచుతూ వెళ్లాడు. యాంప్లిఫైయర్ ఇచ్చే హోరు అందరికీ ఒకే ఎత్తున వినిపిస్తుంది. చేతి బలంతో కట్టిన ఆరోహణను శ్రోత మెట్టు మెట్టుగా ఎక్కుతాడు. రాక్ వాయించదలచిన ప్రతి యుకులేలే విద్యార్థీ ఆ వీడియోను కుడిచేతి కోసం ఒకసారి, ఎడమచేతి కోసం ఒకసారి చూడాలని నా అభిప్రాయం.

కార్డ్‌ల కదలికను తేటగా చూపే మరో పాట రేడియోహెడ్ బృందం 1992 నాటి క్రీప్. దానిలో నాలుగు కార్డ్‌లే మొదటి నుంచి చివరి దాకా తిరుగుతాయి: జి, బి, సి, సి మైనర్. పుస్తకాల్లో చూపినట్లు సి కోసం 0003, సి మైనర్ కోసం 0333 పట్టుకుంటే పాట నడుస్తుంది గానీ ఆ రెండింటి మధ్య జరిగే సూక్ష్మమైన మార్పు మరుగున పడుతుంది. 0232 తరువాత బి కోసం 4322 పట్టుకోండి. దానినే ఒక మెట్టు పైకి జరిపితే 5433, అది సి. అక్కడి నుంచి సి తీగ మీది వేలిని ఒక్క మెట్టు వెనక్కి తెస్తే 5333, సి మైనర్. మేజర్ గాంధారం మైనర్ గాంధారంగా కుంగడం ఒకే వేలిలో జరిగి, చెవికి స్పష్టంగా తెలుస్తుంది. ఈ పాటలో పల్లవికి ముందు జానీ గ్రీన్‌వుడ్ గిటార్ తీగలను మూసి కొట్టే మొద్దు దెబ్బలు కూడా యుకులేలేకు చక్కగా కుదురుతాయి. వాటికి నిర్దిష్ట స్వరం లేదు కనుక మంద్రస్థాయి అవసరం లేదు.

ఆ మొద్దు దెబ్బ, చంక్, యుకులేలే రాక్‌కు వెన్నెముక. దీనికీ నాలుగవ తీగకూ సంబంధం ఉంది. గిటార్ మీద చేయి కిందికి వేసినప్పుడు ముందుగా లావు తీగలు మోగుతాయి, పైకి వేసినప్పుడు సన్నని తీగలు మోగుతాయి. అందువల్ల కింది దెబ్బకు సహజంగానే బరువు ఉంటుంది. యుకులేలేలో కిందికి వేసినా పైకి వేసినా ముందుగా తగిలేది సన్నని తీగే, ఒకవైపు జి, మరొకవైపు ఎ. కాబట్టి దెబ్బ దిశ మాత్రమే తాళానికి బరువు తేలేదు. కింది దెబ్బ వేస్తూనే బొటనవేలి మూలను తీగల మీద ఆనించి నాదాన్ని చంపితే, చప్పట్లాంటి శబ్దం వస్తుంది. నాలుగు మాత్రల ఆవర్తంలో రెండవ, నాలుగవ మాత్రల మీద దానిని పెడితే డ్రమ్స్‌లోని స్నేర్ చేసే పని అది చేస్తుంది. మిగిలిన స్ట్రమ్మింగ్‌ను, మెడ పెట్టెతో కలిసే చోట, చూపుడువేలి గోటితో చేయాలి. చేతిని బ్రిడ్జ్ (పెట్టె మీద తీగలు బిగించిన చోటు) వైపు జరిపితే నాదం గట్టిపడి పదునెక్కుతుంది. పల్లవికి అలా, చరణానికి ఇలా చోటు మార్చుకోవడమే మనకున్న పెడల్ బోర్డు.

ఆధార శ్రుతి గురించి కూడా ఆలోచించాలి. రాక్ పాటలు గిటార్ ఖాళీ తీగల కారణంగా ఎక్కువగా ఇ, ఎ శ్రుతుల్లో ఉంటాయి. యుకులేలేలో ఇ మేజర్, 4442, కొత్తవారి వేళ్లకు పరీక్ష. 1402గా పట్టుకుంటే కొంత సులువు. రమోన్స్ బృందం 1976 నాటి బ్లిట్జ్‌క్రీగ్ బాప్ ఎ, డి, ఇ కార్డ్‌లతో నడుస్తుంది. జానీ రమోన్‌లా అన్నీ కింది దెబ్బలతోనే వాయించేటప్పుడు ఇ దగ్గర వేగం తగ్గుతుందనుకుంటే, మొత్తాన్ని ఒక పూర్ణస్వరం దించి జి, సి, డి చేసుకోవచ్చు: 0232, 0003, 2220. గిటార్ తెలిసినవారికి ఇంకో దారి ఉంది. గిటార్ కింది నాలుగు సన్నని తీగల మీద పట్టే ఆకృతులనే యుకులేలే మీద పట్టుకుంటే పాట శుద్ధ మధ్యమం దూరం పైకి జరుగుతుంది. ఇ ఆకృతి ఎ అవుతుంది, ఎ ఆకృతి డి అవుతుంది. అయితే పాడేవారి గొంతుకు ఆ ఎత్తు సరిపడుతుందో లేదో ముందే చూసుకోవాలి. వాద్యం సౌకర్యం కోసం గొంతును ఇబ్బంది పెట్టడం నాకు నచ్చదు.

వాద్యం ఎంపిక విషయంలో నా మాట క్లుప్తంగా చెబుతాను. రాక్ పాటలకు సొప్రానో కంటే కాన్సర్ట్, దానికంటే టెనర్ మేలు, ఎందుకంటే ఏడవ మెట్టు దాటిన తరువాత కూడా వేళ్లకు చోటు ఉంటుంది. నేను వాయించేది మహాగని పలకతో చేసిన కాన్సర్ట్. హైదరాబాదు వేసవిలో గాలిలో తేమ బాగా పడిపోయే రోజుల్లో నిండు కలపతో చేసిన వాద్యాలు ఎండి పగుళ్లు పడే ప్రమాదం ఉంది. వాటిని పెట్టెలోనే, తేమనిచ్చే చిన్న స్పాంజితో సహా ఉంచాలి. పొరలు అతికించి చేసిన లామినేట్ వాద్యానికి నాదం కొంత తగ్గినా ఈ బెంగ తక్కువ, మొదటి వాద్యంగా అదే చాలు. ఫ్లోరోకార్బన్ తీగలు నైలాన్ కంటే సాంద్రమైనవి కనుక సన్నగా ఉండి, మరింత తేటగా పలుకుతాయి; రిఫ్‌లకు నేను వాటినే వాడతాను.

వేదిక మీద వాయించేవారికి పికప్ (నాదాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) కావాలి. ఎలక్ట్రిక్ గిటార్‌లోని అయస్కాంత పికప్ లోహపు తీగల కదలికనే గ్రహిస్తుంది కనుక నైలాన్ తీగలకు పనికిరాదు. బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సాడిల్ కింద అమర్చి, కంపనాన్ని గ్రహించే పీజో పికప్ వాడాలి. దానిని డిస్టార్షన్ పెడల్‌కు కలిపితే బోలు పెట్టె వెంటనే ఫీడ్‌బ్యాక్‌తో (స్పీకర్ శబ్దం తిరిగి వాద్యంలోకి చేరడంతో) కీచుమంటుంది. ఉక్కు తీగలు, అయస్కాంత పికప్ ఉన్న సాలిడ్ బాడీ యుకులేలేలు కూడా దొరుకుతాయి, అవి బాగానే గర్జిస్తాయి. కానీ వాటితో వాయించినప్పుడు మళ్లీ గిటార్ సూత్రాలే వర్తిస్తాయి, గాంధారాన్ని మళ్లీ వదులుకోవలసి వస్తుంది.

నలుగురైదుగురు కలిసి వాయించగలిగితే మంద్రస్థాయి సమస్యకు సహజమైన పరిష్కారం దొరుకుతుంది. 1985లో లండన్‌లో ఏర్పడిన యుకులేలే ఆర్కెస్ట్రా ఆఫ్ గ్రేట్ బ్రిటన్ సొప్రానో నుంచి బేస్ దాకా వేర్వేరు సైజుల వాద్యాలకు వేర్వేరు భాగాలు పంచి, నిర్వానా పాటను కూడా సభలో నిలబెట్టింది. ఇప్పుడు పాలీయురెథేన్‌తో చేసిన రబ్బరులాంటి తీగలతో, అర మీటరు తీగ పొడవులోనే బేస్ గిటార్ స్థాయిలో పలికే యుకులేలే బేస్‌లు కూడా ఉన్నాయి. కొన్ని పాటలను మాత్రం ఎంతమంది కలిసినా నేను ప్రయత్నించను. గిటార్ తీగలను ఇంకా కిందకు దించి, ఆ బరువు మీదే నిర్మించిన హెవీ మెటల్ పాటలు, ఫీడ్‌బ్యాక్‌నే రాగంగా మలచుకున్న దీర్ఘమైన సోలోలు అలాంటివి. వాటిలో నాదమే కూర్పు; నాదాన్ని తీసివేస్తే మిగిలేది తక్కువ.

ప్రస్తుతం ఒక మిత్రుడి బారిటోన్ యుకులేలేతో కలిసి స్మోక్ ఆన్ ద వాటర్‌నే మళ్లీ కూరుస్తున్నాము. బారిటోన్ శ్రుతి డి, జి, బి, ఇ, అంటే గిటార్ సన్నని తీగలు నాలుగూ అదే స్థాయిలో. బ్లాక్‌మోర్ వాయించిన ఆ రెండు తీగలే అందులో ఉన్నాయి కనుక రిఫ్ అసలు శ్రుతిలో, అసలు స్థాయిలో వినిపిస్తుంది. అది నడిచినంతసేపూ నా కాన్సర్ట్ మీద నేను స్వరమేమీ పలికించకుండా చంక్ మాత్రమే వేస్తాను. చరణంలో జి మైనర్‌కు 0231, ఎఫ్‌కు 2010, పల్లవిలో సికి 5433, ఎ ఫ్లాట్‌కు 5343 పట్టుకుంటాను. చివరి రెండింటికీ వేళ్లు దాదాపు ఒకే చోట ఉంటాయి కాబట్టి మధ్యలో ఉన్న తీగల మీద స్వరాలు మారడం స్పష్టంగా తెలుస్తుంది. పల్లవి ముగిసి రిఫ్ తిరిగి వచ్చే చోట నా చివరి జి మైనర్‌ను ఏ మాత్ర మీద కోయాలన్నదే ఇంకా తేలవలసి ఉంది. మూడవ మాత్ర మీద కోస్తే రిఫ్‌కు చోటు దొరుకుతోంది, నాలుగవ దాని మీద కోస్తే పాడేవాడికి ఊపిరి దొరుకుతోంది.